శ్రీజకు నేను కొనని కంచం

మా శ్రీజ ఇప్పుడు పరుగెడుతోంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పిల్లల జబ్బు గురించి ఎవరైనా రాస్తే నేను ముందు చివరి పేరా చదువుతాను. బిడ్డ బాగుందని తేలాకే మొదటికి వస్తాను. మీరూ అలాంటివాళ్ళే అయితే ఆ శ్రమ అక్కర్లేదు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మేముండే ఇంటి దగ్గర సాయంత్రం పూట ధనధనమని చప్పుడు వినిపిస్తే అది మా పిల్లే. కింది వాటాలో ఉండే ఈజిప్టు ఆయన రెండుసార్లు వచ్చి ఫిర్యాదు చేశాడు. రెండుసార్లూ నేను మహా సంతోషంగా క్షమించమని అడిగాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను ఏసీ మెకానిక్‌గా సౌదీ వచ్చాను. సూపర్‌వైజర్ అయ్యాక భార్య లావణ్యనూ, ఆరేళ్ళ శ్రీజనూ తెచ్చుకున్నాను. చెడిపోయినదాన్ని విప్పి, లోపల చూసి, బాగుచేసి మళ్ళీ బిగించడం నా పని. చేతులు ఎలా ఊరుకోవో నా నోరూ అలా ఊరుకోదని లావణ్య అంటుంది. ఆ నోటి వల్ల ఎంత ఇరుకున పడ్డానో ముందు ముందు చెప్తాను.

జ్వరం వచ్చిన వారం

చలికాలం మొదట్లో శ్రీజ పార్కులో జారుడుబండ మీంచి పడింది. ఎడమ మోకాలి పైన నొప్పి అంది. బెణికిందని నేనే తేల్చేశాను. పసుపు పట్టు వేసి గుడ్డ చుట్టాను. రెండో రోజు జ్వరం వచ్చింది. బడిలో అందరికీ జ్వరాలే కదా, ఇదీ అదేనని మళ్ళీ నేనే తేల్చాను. లావణ్య ఆసుపత్రికి పోదామంటే, రేపు చూద్దాంలే అన్నాను. నాలుగో రోజు పొద్దున శ్రీజ మంచం దిగలేకపోయింది. కాలి మీద దుప్పటి అంచు తగిలినా కేక పెట్టింది.

ఖమీస్ డాక్టరు చూసి, ఎముకలోకి చీము పట్టినట్టుందని, వెంటనే రియాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పాడు. నేను ఇది రాయడానికి సగం కారణం ఇదే. పిల్లలకు జ్వరమూ, ఒకేచోట నొప్పీ కలిసి వస్తే నాలాగా ఇంట్లో కూర్చుని డాక్టరు పని చేయకండి. ఆ నాలుగు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

రియాద్, మొదటి రోజులు

చేరిన రోజే ఆపరేషన్ చేసి ఎముకను శుభ్రం చేశారు. డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆరు వారాలు రక్తంలోకి మందు ఎక్కించాలని, మరో ఆపరేషన్ కూడా పట్టవచ్చని చెప్పాడు. కాలు నిలబెట్టడానికే చూస్తున్నాం, మళ్ళీ మామూలుగా నడుస్తుందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేం అన్నాడు. లావణ్య ఆ మాట విని కదలకుండా కూర్చుంది. నేను మాత్రం గది పైకప్పులో ఏసీ గ్రిల్ వంకరగా బిగించారని చూస్తూ ఉండిపోయాను. భయం వేస్తే నా చూపు అలాంటివాటి మీదికే పోతుంది.

పిల్లల వార్డులో తోడుగా తల్లి మాత్రమే ఉండాలి. నాకు మధ్యాహ్నం మూడు నుంచి ఎనిమిది వరకే అనుమతి. మా మేనేజరు మంచివాడు. తాత్కాలికంగా నన్ను రియాద్ శివారు సులైలోని మా వర్క్‌షాప్‌కు మార్చి, అక్కడి క్యాంపులో పడక ఇప్పించాడు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం ఆసుపత్రి. లావణ్యకే ఏ చోటూ లేదు. ఐదు రోజులు మంచం పక్క కుర్చీలోనే పడుకుంది. సరిగ్గా స్నానం లేదు, అన్నం లేదు. ఇద్దరం చిన్నమాటకు పెద్దమాట అనుకోవడం మొదలైంది.

ఐదో రోజు వరండాలో లావణ్య నన్ను నిలబెట్టి కడిగేసింది. ఖమీస్ నుంచి బయల్దేరే కంగారులో నేను బిడ్డ బట్టల సంచి మరిచిపోయి, నా పనిముట్ల సంచి పట్టుకొచ్చాను.

“బిడ్డ బట్టలు మర్చినవ్, పానాలు తెచ్చినవ్. దవాఖానకు ఏసీ బిగించనీకి వచ్చినవా?” అంది.

అటుగా వెళ్తున్న ఒక నర్సు ఆగి పక్కున నవ్వింది. యాభై దాటిన మనిషి. పేరు రూతు, పాలకొల్లు దగ్గర ఊరు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పని. ఐదు రోజులుగా ఈ అమ్మాయి కుర్చీలోనే నిద్రపోతోందా అని నన్ను అడిగి, జవాబు కోసం చూడకుండా లావణ్య చేయి పట్టుకుంది. “లేమ్మా, మా ఇంటికెళ్దాం. తలంటుకుని నాలుగు మెతుకులు తిని పడుకుందువుగాని. ఈయన ఉంటాడుగా పిల్ల దగ్గర,” అంది.

ఆసుపత్రి వెనక పది నిమిషాలు నడిస్తే ఆ ఇల్లు. లిఫ్టు లేని పాత మేడ. రూతక్కా, మరో ముగ్గురు తెలుగు నర్సులూ కలిసి పై వాటా అద్దెకు తీసుకున్నారు. అందులో ఒక గదిని, దూరం నుంచి బిడ్డను ఆసుపత్రికి తెచ్చిన తల్లుల కోసం ఖాళీగా ఉంచుతారు. మగవాళ్ళు అక్కడ ఉండకూడదు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వచ్చి హాల్లో కూర్చుని అందరితో పాటు భోజనం చేయవచ్చు. మేం ఏమివ్వాలని అడిగితే, బియ్యం నిండుకున్న రోజు బియ్యం తెమ్మంది.

ఆ రోజు నుంచి, నేను మూడింటికి వార్డులోకి వెళ్ళగానే లావణ్య ఆ ఇంటికి వెళ్ళేది. స్నానం చేసి, ఏదో వండుకుని, రెండు గంటలు నడుం వాల్చి ఎనిమిదికి వచ్చేది. మొదటిరోజు తల దువ్వుకుని, వేరే చీర కట్టుకుని వచ్చిన తల్లిని చూసి, మమ్మీ కొత్తగ ఉన్నదని శ్రీజ నాతో గుసగుసగా చెప్పింది. ఆ రాత్రి నుంచి మా ఇద్దరి పోట్లాటలు ఆగిపోయాయి. నిద్ర చేసిన మేలు అది.

మొదటి శుక్రవారం

భోజనానికి రమ్మన్నారు గానీ నేను వంటింట్లో ఏసీ గరగరమంటుంటే విని తినలేకపోయాను. పనిముట్ల సంచి విప్పి, బల్ల ఎక్కి, దాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు గోడ కనిపించింది. వరసగా మేకులు. మూడు మేకులకు చిన్న స్టీలు కంచాలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని అంచు మీద ఒక్కో పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది.

అది ఆ ఇంటి పద్ధతి అని రూతక్క చెప్పింది. గదిలోకి దిగిన తల్లి తన బిడ్డకు ఒక కంచం కొని, పేరు కొట్టించి మేకుకు తగిలిస్తుంది. ఆసుపత్రి నుంచి వదిలిన రోజు బిడ్డ నేరుగా ఈ ఇంటికి రావాలి. తన కంచంలో ఒక పూట తినాలి. ఆ కంచం తీసుకునే ఊరికి పోవాలి. మనవాళ్ళు పెళ్ళికీ పేరంటానికీ గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు కదా, ఇదీ అలాగే మొదలైందట.

ఆ మూడింటిలో రెండు కొత్తగా మెరుస్తున్నాయి. మూడోది కొంచెం మసకగా ఉంది. దాని మీద చరణ్ అని ఉంది. ఈ బాబు ఎప్పుడు వెళ్తాడని అడిగాను. రూతక్క చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టింది.

“ఆ బాబు రాలేదు తమ్ముడూ,” అంది.

చరణ్ తల్లి పద్మ నాలుగు నెలలు ఆ గదిలో ఉందట. వెళ్ళేటప్పుడు కంచం తీసుకుపోలేదు. కంచం లేకుండా ఎప్పుడైనా ఏ బిడ్డయినా వచ్చేస్తే ఇందులో పెట్టమని చెప్పి వెళ్ళింది. రెండేళ్ళయింది. అందరూ కంచాలు ముందే కొనుక్కుంటారు గనక ఎవరికీ దాని అవసరం పడలేదు. రూతక్క వారానికోసారి తోమి మళ్ళీ తగిలిస్తుంది.

నేను ఏసీ బిగించి దిగాను. కానీ ఆ మేకుల వరసలో మా శ్రీజ పేరు వేలాడటం నాకు ఇష్టం లేకపోయింది. ఎందుకో చెప్పమంటే ఆ రోజు చెప్పలేను. కాలు బాగవుతుందని ఎవరూ మాటివ్వలేదు. నేనే ముందుగా పేరు రాసి తగిలిస్తే ఏదో కీడును పిలిచినట్టవుతుందని అనిపించింది. యంత్రాల పనివాడిని, ఇలాంటివి నమ్మనని అందరి ముందూ గొప్పలు పోయేవాణ్ణి. ఆ రోజు నమ్మాను.

కథలు చెప్పిన వారాలు

శుక్రవారం కంచం తెమ్మని లావణ్య చెప్పింది. రియాద్‌లోని బతా బజారుకు వెళ్ళాను, తేలేదు. పేరు కొట్టే దుకాణం మూసి ఉందని చెప్పాను. తర్వాతి వారం అతని మిషను చెడిపోయిందన్నాను. ఆపై వారం అతను ఊరికి పోయాడన్నాను. లావణ్య నా మొహం చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఆమె నమ్మినట్టని నేను అనుకున్నాను. తొమ్మిదేళ్ళ కాపురం తర్వాత ఆ పొరపాటు చేయకూడదు.

ఇంకోవైపు నా నోరు ఊరుకోలేదు. మూడు నుంచి ఎనిమిది వరకు చేతికి సూదితో మంచంలో పడి ఉన్న ఆరేళ్ళ పిల్లకు ఏం చెప్పాలి? ఆ ఇంటి గురించి చెప్పాను. ఇరవై రెండు మెట్లున్నాయని, పైన వంటింట్లో తన కంచం మేకుకు వేలాడుతూ తనకోసం చూస్తోందని చెప్పాను. మా దిక్కు కంచాన్ని తల్లె అంటాం. నా తల్లె మీద ఏమున్నదని అడిగింది. నెమలి ఉందన్నాను. మర్నాడు ఆ నెమలికి పురి విప్పించాను. మూడోనాడు పురిలో తొమ్మిది ఈకలయ్యాయి. ఏదైనా మరిచిపోతే శ్రీజే సరిదిద్దేది. ఆ కంచం నాకంటే ఆమెకే బాగా తెలుసు.

“నేను ఎక్కనీకి రాకుంటే ఎట్ల డాడీ?” అని ఒకరోజు అడిగింది.

“నువ్వే ఎక్కి వస్తవు బిడ్డా. నీ తల్లె కాడికి నువ్వే నడిచి రావాలె,” అన్నాను. ఆ మాట నేను ఆమె కోసం కంటే నాకోసమే అన్నాను.

రెండో ఆపరేషన్

నాలుగో వారంలో జ్వరం మళ్ళీ ఎక్కింది. మరోసారి ఎముక కడగాలన్నారు. ఈసారి లోపల ఎంత పాడైందో చూస్తే గానీ కాలి సంగతి చెప్పలేమన్నారు.

ఆపరేషన్ గది బయట కూర్చున్న మూడు గంటలు నా బతుకులో అన్నిటికంటే పొడవైనవి. లావణ్య ప్రార్థిస్తోందో, లెక్కపెడుతోందో, పెదాలు కదులుతున్నాయి. ఎదురుగా ఒక సౌదీ ముసలమ్మ, మనవడి కోసం వచ్చింది. చాలాసేపు మమ్మల్ని చూసి, లేచి వచ్చి, నా అరచేతిలో మూడు ఖర్జూరాలు పెట్టి తినమని సైగ చేసింది. వద్దని తల ఊపాను. ఆమె కదలలేదు. నేను నమిలి మింగేవరకు పక్కనే నిలబడి, ఆ తర్వాత లావణ్యకు పెట్టింది. పొద్దుట్నుంచీ మేం మంచినీళ్ళు కూడా తాగలేదని ఆమెకు ఎలా తెలిసిందో.

డ్యూటీ ముగించుకుని రూతక్క వచ్చి మా మధ్య కూర్చుంది. డాక్టరు తలుపు తీసి బయటికి వచ్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఎముక నిలిచింది, కాలు నిలుస్తుందన్నాడు. నడకకు సమయం పడుతుంది గానీ నడుస్తుందన్నాడు. లావణ్య రూతక్క భుజం మీద పడి ఏడ్చింది. నేను ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చీరాని అరబ్బీలో బిడ్డ బాగుందని చెప్పాను. ఆమె తన సంచిలోంచి మళ్ళీ ఖర్జూరాలు తీసింది.

గురువారం

ఆరో వారం నిండింది. శ్రీజకు చేతికర్ర ఇచ్చి వార్డులో అటూ ఇటూ నడిపిస్తున్నారు. ఆదివారం పంపిస్తామన్నారు. శుక్రవారం బతాకు వెళ్ళి కంచం కొని, ఆ ఒక్కరోజులో నెమలి సంగతి చూసుకోవచ్చని నేను ధైర్యంగా ఉన్నాను. కానీ గురువారం మధ్యాహ్నమే డాక్టరు వచ్చి, అన్నీ బాగున్నాయి, ఇవాళే వెళ్ళవచ్చన్నాడు.

ఇంత మంచి వార్తకు అంత చెమట పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

రూతక్క ఇంటి మెట్ల దగ్గర శ్రీజను ఎత్తుకోబోయాను. చేయి తోసేసింది. రైలింగు పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, రెండోదాన్ని పైకి లాక్కుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. లావణ్య పక్కన, నేను వెనక. పన్నెండో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. పై నుంచి నర్సులు నలుగురూ తొంగిచూస్తున్నారు. ఇరవై రెండో మెట్టు ఎక్కాక, మెట్లు సరిగ్గానే చెప్పినవ్ డాడీ అని మెచ్చుకుంది. నాకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. వెంటనే ప్రశ్న వచ్చింది.

“నా తల్లె ఏది?”

వంటింటి గోడ మీద మిగతా పిల్లల కంచాలు వాళ్ళతో పాటు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఒక్కటే ఉంది. నేను నేల చూశాను. లావణ్య కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

“దుకాణం సాకు మూడు వారాలు చెప్పినవ్,” అంది నెమ్మదిగా. “పేర్లు చెక్కే మిషను నీ సంచిలనే ఉన్నది గద.”

ఉంది. పనిముట్ల మీద నంబర్లు చెక్కుకునే చిన్న మిషను, ఖమీస్ నుంచి నేను మోసుకొచ్చిన సంచిలోనే ఉంది. ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు.

“నాకు భయమైంది,” అన్నాను. అందరి ముందూ అన్నాను.

రూతక్క చరణ్ కంచం మేకు నుంచి తీసి, కడిగి, పైట కొంగుతో తుడిచింది. నా నోటి నుంచి నేను ఆపుకోలేక ఒక మాట వచ్చింది. “అది వద్దక్కా.”

రూతక్క కంచం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు, కానీ రెండేళ్ళుగా ఎదురుచూసినది చేతిదాకా వచ్చి ఆగిపోయినట్టు కనిపించింది. లావణ్య ముందుకు వచ్చి చేయి చాచింది.

“అది గూడ ఒక తల్లి తన బిడ్డ కోసం కొన్న తల్లెనే. ఇటియ్యక్కా,” అంది.

తనే అన్నం పెట్టింది. పాలకూర పప్పు, ఆలుగడ్డ వేపుడు, నెయ్యి. శ్రీజ కంచం అంచు మీది అక్షరాలు వేలితో తడిమి, నెమలి ఏదని నన్ను అడగబోయి, నా మొహం చూసి మానుకుంది. ఇది ఎవరిదని రూతక్కనే అడిగింది. నీకంటే ముందు ఇక్కడికి రావలసిన చరణ్ అన్నయ్యదని, వాళ్ళమ్మ నిన్ను ఇందులో తినమని చెప్పిందని రూతక్క అంది. సరే అని శ్రీజ కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ఆరు వారాలు మెతుకులు లెక్కపెట్టిన పిల్ల, ఆ పూట పప్పు రెండోసారి అడిగి వేయించుకుంది. అంచున అంటిన నెయ్యి కూడా వేలితో తీసి నాకింది. నేను చూస్తూ నిలబడ్డాను.

రూతక్క అప్పుడే పద్మకు ఫోన్ చేసింది. పద్మ ఇప్పుడు ఏలూరు దగ్గర ఉంటోంది. ఒక పాప చరణ్ కంచంలో తిందని చెప్పి ఫోను లావణ్య చేతిలో పెట్టింది. ఆమె అడిగిన మొదటి మాట మాకందరికీ వినిపించింది.

“పాప రెండోసారి పెట్టించుకుందా అమ్మా?”

“పప్పు రెండుసార్లు,” అంది లావణ్య.

అటువైపు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వినిపించాయి. ఏం పప్పని, నెయ్యి వేశారా అని, పాప ఎన్ని మెట్లు ఎక్కిందని అన్నీ అడిగింది. కంచం కడిగి మళ్ళీ అదే మేకుకు తగిలించమంది. శ్రీజ చేయి కడుక్కుని, తనే తోముతానని పట్టుపట్టి, కుర్చీలో కూర్చుని నురగ చేసి వంటిల్లంతా చిందరవందర చేసింది. కంచాన్ని మేకుకు తగిలించడానికి మాత్రం నేను ఎత్తుకున్నాను. ఆ ఒక్కసారి ఎత్తుకోనిచ్చింది.

ఇప్పుడు

మర్నాడు బతాలో కంచం కొని, సులై వర్క్‌షాప్‌లో బల్ల ముందు కూర్చుని నా చేత్తోనే పేరు చెక్కాను. నెమలిని కూడా చెక్కాను. తొమ్మిది ఈకలు. శ్రీజ చూసి, డాడీ ఇది కోడి అంది. ఖమీస్‌లో రోజూ అందులోనే తింటుంది. వచ్చినవాళ్ళందరికీ కోడి తల్లె అని చూపిస్తుంది.

ఇప్పుడు ఆ ఇంటికి కొత్త తల్లి వచ్చిన రోజే రూతక్క నుంచి నాకు మెసేజ్ వస్తుంది. అందులో బిడ్డ పేరు తప్ప ఇంకేమీ ఉండదు. ఏం జబ్బని నేను అడగను. నా దగ్గర కంచాలు కొని ఉంచుకున్నాను. ఆ సాయంత్రమే పేరు చెక్కి, సులైకి వెళ్ళే మా కంపెనీ బండిలో పంపిస్తాను. చెక్కుతున్నప్పుడు ఇప్పటికీ భయం వేస్తుంది. అయినా చేయి ఆపను. ఏ బిడ్డా నాలాంటి తండ్రి వల్ల కంచం లేకుండా ఆ మెట్లు ఎక్కకూడదు.

ప్రతి కంచం మీదా ఒక నెమలి ఉంటుంది. పంపే ముందు శ్రీజకు చూపించడం ఆనవాయితీ అయింది. మొన్నటిదాన్ని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసి, ఇది నెమలే అని ఒప్పుకుంది.